గెడ అమ్మ చేతిలో ఉంటే

మా ఇంట్లో చేపలు పట్టేది అమ్మ. నాన్నకు నీళ్ళంటే భయం. ఈ రెండు సంగతులు ముందే చెప్పకపోతే మా చిన్నప్పటి సెలవు రోజుల గురించి ఏం చెప్పినా సగమే అర్థమవుతుంది.

నాన్నది చిత్తూరు జిల్లాలో ఒక మెట్ట ఊరు. బావిలో నీళ్ళు తప్ప వేరే నీళ్ళు చూడకుండా పెరిగినవాడు. పెరంబూరు ఐసీఎఫ్‌లో ఫిట్టర్‌గా ఉద్యోగం వచ్చి మద్రాసు చేరాడు. రైలు పెట్టెలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. నా చిన్నప్పుడు అయనావరం, విల్లివాక్కం వీధుల్లో ఏ మూల తిరిగినా తెలుగు వినపడేది. అమ్మది పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవి. తడ దగ్గర భీములవారిపాలెం రేవులో పడవెక్కితేనే ఆ ఊరికి దారి. పెళ్ళికైనా, పురుడుకైనా, ఉప్పూ పప్పూ తెచ్చుకోవడానికైనా పడవే.

అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాత, బకింగ్‌హామ్ కాలువ మీద పడవ నడిపేవాడు. శ్రీహరికోట అడవుల్లో కొట్టిన వంటచెరకు మద్రాసు పొయ్యిల్లోకి చేరింది ఆ కాలువలోనే. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు చిన్న కాలువగా మొదలై, ముక్కలు ముక్కలుగా పెరిగి, చివరికి పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు సాగింది. ధాత కరువు రోజుల్లో, 1876 నుంచి 78 దాకా, ఆకలితో ఉన్న జనానికి కూలి పని చూపించడానికి నగరం లోపల కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే కాలువకు మిగిలింది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ మోకు భుజానికి వేసుకుని పడవను లాగేవాళ్ళు. అమ్మ చిన్నపిల్లగా ఆ కట్టెల మోపుల మీద కూర్చుని బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చింది. మద్రాసును ఆమె మొదట చూసింది నీళ్ళ మీంచే.

1965, 66 తుపాన్లకు కాలువ బాగా దెబ్బతింది. అప్పటికే లారీలు వచ్చేశాయి. తాత పడవ ఇక సరస్సు దాటి రాలేదు. పెళ్ళయి అమ్మ అయనావరం వచ్చేటప్పటికి బేసిన్ బ్రిడ్జి కింద కాలువ నల్లబడిపోయింది. సెంట్రల్‌కు వెళ్ళే రైలు ఆ చోటు దాటుతుంటే అమ్మ కిటికీలోంచి కిందికి చూసేది. ఒకసారి మాత్రం "మా నాయన ఈడనే కట్టెలు దించేవాడు" అంది. ఇంకేం అనలేదు.

అమ్మ ఇంట్లో పెద్దగా మాట్లాడేది కాదు. తమిళం సరిగ్గా రాదని మొహమాటం. నలుగురు వస్తే కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. కానీ ఆదివారం పొద్దున సంచిలో గాలాలు సర్దేటప్పుడు చూడాలి. మాకందరికీ పనులు చెప్పేది. తమ్ముడు ఎర్రలు తవ్వి తేవాలి. కొళాయి కింద తడిగా ఉండే మట్టిలో దొరికేవి. కొబ్బరిచిప్పలో కాస్త మట్టి వేసి, అందులో ఉంచి పైన ఆకు కప్పాలి. నేను గోధుమపిండి కలపాలి. అందులో కొంచెం తవుడు పడాలి, ముద్ద గట్టిగా ఉండాలి, లేకపోతే నీళ్ళలో పడగానే విడిపోతుంది. నాన్న అన్నం మూటా, మంచినీళ్ళూ, గొడుగూ.

వెళ్ళేది రెట్టేరి చెరువుకి. కొళత్తూరు దాటితే అప్పట్లో ఊరు అయిపోయినట్టే. చెరువు గట్టు మీద తాటిచెట్లు, అటుపక్క పొలాలు. చేపల వేలంపాట పాడుకున్న మనిషి గుడిసె గట్టు మీదే ఉండేది. ముందు అతన్ని కలిసి ఒక మాట చెప్పకుండా అమ్మ గాలం విప్పేది కాదు. వలలు వేసే చోటుకు దూరంగా, తూటికాడ పొదల పక్కన కూర్చోమనేవాడు. వెదురు కర్ర, నైలాను దారం, చిన్న సీసం గుండు, జీలుగ బెండు. బెండు ఎంత ఎత్తులో కట్టాలో అమ్మ నీళ్ళలో ఒకసారి కర్ర దించి చూసి చెప్పేది. బెండు వణికితే చిన్న పరిగెలు పిండి కొరుకుతున్నట్టు, లాగకూడదు. పక్కకు జరుగుతూ నెమ్మదిగా మునిగితే జిలేబీ చేప. ఒక్కసారిగా కిందికి వెళ్ళి దారం బిగుసుకుంటే కొరమీను కావచ్చు. అప్పుడు కర్ర నాకివ్వు అనేది. తమ్ముడు ఇవ్వనని మొండికేసేవాడు.

తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వానలకు చెరువు నిండి కలుజు, అంటే మిగులు నీళ్ళు పోయే చోటు, పారేది. ఆ రోజుల్లో గాలం అక్కర్లేదు. పారే నీటికి చేపలు ఎదురెక్కుతాయి. కలుజు కింద మోకాలిలోతు నీళ్ళలో జనం పాత చీరలు, దోమతెరలు అడ్డం పట్టేవాళ్ళు. షిఫ్టు దిగిన ఐసీఎఫ్ వాళ్ళు యూనిఫాం ప్యాంట్లు పైకి మడిచి దిగేవాళ్ళు. అమ్మ మాత్రం గుడ్డుతో ఉబ్బి ఉన్న చేప దొరికితే మళ్ళీ పైకి, చెరువు వైపు విసిరేది. పక్కవాళ్ళు కోప్పడినా వినేది కాదు. "అది ఎక్కితేనే గదా వచ్చే ఏడు మనకుండేది" అనేది. నేను ఆ మాటను తర్వాత ఎన్ని పెద్ద పెద్ద సభల్లో, ఎన్ని పెద్ద మాటల్లో విన్నానో. అమ్మ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

రెట్టేరి ఆదివారాలది. సంక్రాంతి సెలవులు ఇరకానివి.

నాన్నకు రైల్వే పాసు ఉండేది. తెల్లవారుజామున ప్యాసింజర్ ఎక్కితే మీంజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి, ఎళావూరు, ఆరంబాక్కం, ఆ తర్వాత తడ. గుమ్మిడిపూండి దాటాక అమ్మ మాట మారిపోయేది. అయనావరంలో మాట్లాడే జాగ్రత్త తెలుగు పోయి దీవి తెలుగు వచ్చేసేది. తడలో దిగి రేవు చేరేసరికి మా చిన్నమామ పడవ పెట్టుకుని ఉండేవాడు. సన్నగా పొడవుగా ఉండే నాటుపడవ, కొయ్యది, తారు పూసింది. ఒక పాత తెరచాప, రెండు గెడలు.

పులికాట్ చాలా పెద్దది. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే. కానీ లోతు లేదు. చాలాచోట్ల మనిషి నిలబడితే నడుం దాకా కూడా రావు. అందుకే తెడ్డు కన్నా గెడతోనే పని. గెడను బురదలో గుచ్చి, దాని మీద బరువు వేసి, పడవను ముందుకు తోసి, మళ్ళీ లాగాలి. లాగేటప్పుడు బురద గెడను పట్టుకుంటుంది. కొత్తవాళ్ళు అక్కడే పడవలోంచి పడతారు. చివర్లో చిన్నగా మెలితిప్పి లాగాలి.

రేవు వదిలిన కాసేపటికి అమ్మ కొంగు బిగించి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని లేచేది. "ఇటీరా" అని మామ చేతిలోంచి గెడ తీసుకునేది. మామ ఏమీ అనకుండా వచ్చి మా పక్కన కూర్చుని బీడీ వెలిగించుకునేవాడు. అమ్మ పడవ చివర, ఆ అంచు మీద, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడేది. ఇంట్లో ఎవరైనా వస్తే గోడకు ఆనుకుని నిలబడే మనిషి. ఇక్కడ ఆనుకోవడానికి ఏమీ లేదు. వెన్ను నిటారుగా, కళ్ళు దూరంగా. పడవ తొణక్కుండా సాగిపోయేది. ఎదురుగా వచ్చే పడవల వాళ్ళు "ఎవురూ, పెద్దమ్మాయా? ఎప్పుడొచ్చినావమ్మా?" అని కేకేసేవాళ్ళు. అమ్మ కూడా కేకేసి జవాబు చెప్పేది. అంత గట్టిగా అమ్మ గొంతు నేను ఇంకెక్కడా వినలేదు.

నాన్న పడవ మధ్యలో, అడ్డపలక మీద, రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చునేవాడు. రేవు నుంచి దీవి దాకా ఆ చేతులు వదిలేవాడు కాదు. ఈత రాదు. లోతు లేదని ఎంత చెప్పినా ఆ భయానికి లెక్కలు పట్టవు కదా. నేను కాస్త పెద్దయ్యాక, ఒక ఏడు మొహం మరీ పాలిపోయి ఉంటే, "నువ్వు తడలోనే ఉండు నాన్నా, మేం పోయొస్తాం" అన్నాను. "మీ అమ్మ అట్ల నిలబడుకోని ఉండేది నేను ఇంకేడ చూడాల?" అన్నాడు.

అప్పటిదాకా మా కోసం వస్తున్నాడనుకునేదాన్ని. పాసు రాయించి, సెలవు పెట్టి, రైలెక్కించి, ఒళ్ళంతా భయంతో పడవ ఎక్కేది ఆ కాసేపు ఆమెను చూడటానికి.

ఆ కాలంలో సరస్సు మీద ఫ్లెమింగోలు ఉండేవి. చలికాలం వచ్చే పక్షులు. నీళ్ళు పల్చగా ఉన్న మేర బారులు తీరి తలలు ముంచి మేస్తుండేవి. నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులు మేతకు ఇక్కడికే వచ్చేవి. అమ్మ పడవను పక్షులకు దూరంగా తిప్పి నడిపేది. వాటిని లేపితే చేపలు చెదురుతాయనేది. మామ పక్షులు మేసే చోటును బట్టి అక్కడ నీళ్ళెంత ఉన్నాయో చెప్పేవాడు. తూర్పున శ్రీహరికోట. రాకెట్ పంపే రోజుల్లో ఆ చుట్టుపక్కల నీళ్ళలోకి పడవలు పోకూడదని ముందే కబురు వచ్చేది. మా అవ్వకు రాకెట్లంటే ఆసక్తి ఉండేది కాదు. తన చుట్టాలు కొందరు ఒకప్పుడు ఆ దీవిలో ఉండేవాళ్ళు, ఆ కేంద్రం కోసం ఊళ్ళు ఖాళీ చేయించాక ఎక్కడెక్కడికో పోయారు. వాళ్ళ గురించే చెప్పేది.

దీవి దగ్గర నీళ్ళు పల్చబడ్డాక దిగి నడిచేవాళ్ళం. దిగే ముందు అమ్మ ప్రతిసారీ చెప్పేది: కాలు ఎత్తి వెయ్యొద్దు, బురదలో ఈడ్చుకుంటూ నడవండి. టేకు చేప అడుగున బురద కప్పుకుని పడుకుంటుంది. కాలు తగిలితే తప్పుకుని పోతుంది, పైన తొక్కితే తోక ముల్లు దిగుతుంది. జెల్ల దొరికితే పక్క ముళ్ళు విరవకుండా చెయ్యి పెట్టొద్దు. పీతను వెనక నుంచి పట్టుకోవాలి. నేను నా కూతురికి బడి పాఠాలు చెప్పేటప్పుడు చాలా మరిచిపోయాను, ఇవి మరిచిపోలేదు.

సాయంత్రాలు ఆడవాళ్ళతో కలిసి అమ్మ రొయ్యలు ఏరడానికి దిగేది. నీళ్ళలో మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులూ బురద మీద పరుచుకుంటూ ముందుకు జరుగుతారు. తాటాకు బుట్టను పళ్ళతో కరిచిపట్టుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి కాబట్టి. వేలికి తగిలిన రొయ్య దూకే లోపల అరచేతిలోకి రావాలి. నాకు ఒక్కటీ దొరికేది కాదు. అమ్మ బుట్ట నిండేది.

రాత్రికి అవ్వ మడవలతో పులుసు పెట్టేది. చింతపండు చిక్కగా పిసికి, మెంతులు వేయించి కొట్టి, మట్టి దాకలో. వేసవిలో వెళ్తే అందులో పుల్లమామిడి ముక్కలు కూడా పడేవి. ఆ రాత్రికి మాకు రొయ్యల వేపుడు పెట్టి, పులుసు దాక మూతపెట్టి ఉట్టి మీద పెట్టేసేది. పొద్దున సద్దన్నంలోకి తీసేది. ముక్క పులుపు పట్టి, పులుసు గడ్డకట్టినట్టు ఉండేది. నెల్లూరు పులుసు అని బోర్డు పెట్టిన హోటళ్ళలో వండిన గంటకే తెచ్చి పెడుతుంటే నాకు బాధ అనిపిస్తుంది. ఒక రాత్రి ఆగితే ఏం పోతుంది?

ఒకసారి పొన్నేరి మీదుగా దక్షిణం వైపు, పళవేర్కాడు, అంటే పులికాట్ ఊరికి కూడా వెళ్ళాం. నాన్నకు అక్కడ నేల మీద చూడ్డానికి చాలా దొరికింది. డచ్చివాళ్ళు 1613లో కట్టిన గెల్డ్రియా కోట జాడలు, వాళ్ళ సమాధుల తోట, ద్వారం మీద చెక్కిన ఎముకల గూళ్ళు. నాన్న ఆ రాతలు ఒక్కొక్కటే తడుముతూ తిరిగాడు. అమ్మ రేవులో చేపల తట్టల దగ్గర కూర్చుని ఆడవాళ్ళతో మాట్లాడుతోంది. అక్కడ 'పాడు' అని ఒక కట్టుబాటు ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో ఊరివాళ్ళే వంతులు వేసుకుంటారు. మంచి చోటు ఒక్కడికే దక్కకుండా అందరి చేతికీ తిరుగుతుంది. తమ్ముడు గట్టు మీంచి గాలం వేయబోతే అమ్మ ఆపేసింది. ఈ నీళ్ళలో ఈ రోజు వంతు ఎవరిదో అడిగొచ్చాకే అంది. అడిగొచ్చింది కూడా.

1984లో ముట్టుకాడులో టూరిజం వాళ్ళ బోటు హౌస్ మొదలయ్యాక నాన్న స్నేహితుల కుటుంబాలతో కలిసి అక్కడికీ తీసుకెళ్ళాడు. మాకు బాగా నచ్చింది. అమ్మకు పెడల్ బోటులో చేతులకు పని లేకపోవడం నచ్చలేదు.

తర్వాత మారినవి చాలా. అవ్వ పోయింది. మామలు పిల్లల చదువుల కోసం సూళ్ళూరుపేటలో ఇల్లు తీసుకున్నారు. 2004 సునామీ తర్వాత కొయ్య పడవలు తగ్గి ఫైబర్ పడవలు, మోటార్లు పెరిగాయి. మామకు అది మేలే అయింది, వయసు మీద పడ్డాక గెడ ఎవరు వేస్తారు. 2011 క్రిస్మస్ రోజున పళవేర్కాడులో షికారు పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఒకే కుటుంబం వాళ్ళు చాలామంది ఉన్నారు అందులో. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు అమ్మ చాలాసేపు దాని ముందు నుంచి లేవలేదు. ఎంతమంది ఎక్కారు, గాలి ఎటు ఉంది అని అడుగుతూనే ఉంది. ఆమె దృష్టిలో నీళ్ళు ఎవరినీ ఊరికే తీసుకోవు. మనుషులు ఎక్కువెక్కితేనో, మొగ దగ్గర ఆటుపోటు చూసుకోకపోతేనో తీసుకుంటాయి. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని పడవ ఎక్కించేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. మా చిన్నప్పుడు లేవు. ఉండాల్సింది.

రెట్టేరి ఇప్పుడు ఊరి మధ్యలో ఉంది. పొలాల చోట అపార్ట్‌మెంట్లు, పక్కన ఫ్లైఓవర్. గుర్రపుడెక్క కప్పేసిన నీళ్ళు. కలుజు ఎక్కడుండేదో నేను తమ్ముడికి చూపించలేకపోయాను. వానకు ఆ నీళ్ళు ఇప్పుడు కింది వీధుల్లోని ఇళ్ళలోకి వస్తున్నాయి. 2015 డిసెంబరులో మా చుట్టాలు మేడ మీదే రెండు రాత్రులు గడిపారు. చెరువు నిండితే సంబరపడిన వీధులే అవి. ఈ ఊరు నీళ్ళను పోగొట్టుకోలేదు, నీళ్ళతో పరిచయాన్ని పోగొట్టుకుంది. అందుకే వాన వస్తే భయం, రాకపోతే లారీ కోసం బిందెల వరస.

నా కూతురికి ఇవన్నీ ఎక్కడ చూపించను? 2016లో చేట్‌పట్ చెరువును బాగుచేసి పార్కు తెరిచారు. పడవలున్నాయి, గాలం వేసుకోవడానికి చోటూ పెట్టారు. అమ్మను, నాన్నను, పాపను తీసుకుని వెళ్ళాను. చుట్టూ కంచె, నడిచే దారి, వెనక రైళ్ళ చప్పుడు. అమ్మ మొదట నీళ్ళ వాసన చూసింది. తర్వాత పాప చేతిలోని కొత్త గాలం తీసుకుని బెండు విప్పి, నాలుగు వేళ్ళు కిందికి జరిపి మళ్ళీ కట్టింది. "ఇప్పుడెయ్యిమే" అంది. పాపకు ఒక జిలేబీ చేప పడింది. అది ఎగిరి పడుతుంటే పాప భయపడి వెనక్కి జరిగింది. అమ్మ తడి చేత్తో దాని వీపు ముళ్ళను అణిచి పట్టుకుని, నోట్లోంచి గాలం ముల్లు తీసి, పాప చేతిలో పెట్టి నీళ్ళలోకి వదిలించింది. తడవని చేత్తో చేపను పట్టుకోకూడదు, దాని జిగురు పోతుంది అని చెప్పింది. ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ వారం నుంచి పాప ఇరకం అని ఒకటే గొడవ. చిన్నమామకు ఫోన్ చేశాను. మోటారు పడవ ఉంది, కొడుకు నడుపుతాడు, సంక్రాంతికి రమ్మన్నాడు. అమ్మ ఫోన్ లాక్కుని "గెడ ఉందా లేదా?" అని అడిగింది. ఉందట, కొట్టం మీద. ఎండకు పగుళ్ళిచ్చిందేమో చూసి, ఇచ్చుంటే కొత్త వెదురు కొట్టి నీళ్ళలో నానెయ్యమంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి పడవ అంచున నిలబడతానంటే ఒప్పుకోవాలా వద్దా అని నేనూ తమ్ముడూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తీరం దగ్గర, మోకాలిలోతు నీళ్ళలో, కాసేపు మాత్రమే అన్నది తమ్ముడి షరతు. లైఫ్ జాకెట్ నా షరతు. చీర మీద అదేంటని అమ్మ గొణిగింది కానీ వేసుకుంటానంది.

నాన్నను ఈసారి తడలో మామ వాళ్ళ చుట్టాలింట్లో ఉంచుదామనుకున్నాం. ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆయన ఒప్పుకోలేదు. జాకెట్లు కొనేటప్పుడు తన కొలత కూడా రాసుకోమన్నాడు.